అవతలివాళ్ళ మూటలు

యుద్ధం అనగానే మనకు ఫిరంగులు, కవాతులు, జెండాలు గుర్తొస్తాయి. యుద్ధానికి గుమాస్తాలు కూడా ఉంటారన్న సంగతి ఎవరికీ తట్టదు. ఫిరంగి పేల్చేవాడి పని రెప్పపాటులో అయిపోతుంది. ఆ పేలుడు తాలూకు కాగితాలు సర్దేవాళ్ళకు మాత్రం ఏళ్ళకేళ్ళు పడుతుంది. అలా సర్దినవాళ్ళలో ఒకావిడ సంగతి ఇది. ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆఫీసు రిజిస్టరులో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. అందరూ మూటలమ్మ అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదుటే అన్నారు, చివరికి ఆవిడే ఫోనెత్తి "మూటలమ్మని మాట్లాడుతున్నాను, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

ఆఫీసులో మెట్లు దాటి వెళితే మూడో గది ఆవిడది. ఒక కిటికీ ఉండేది గానీ అది పక్క భవనం గోడను చూపించడానికే ఉండేది. రేకు పరిచిన పొడవాటి బల్ల, రెండు ఇనుప బీరువాలు, కత్తెర, సూదుల డబ్బా, లక్క కరిగించే చిన్న స్టవ్వు. సరిహద్దుకు ఇవతల చనిపోయిన అవతలి సైనికుల ఒంటి మీద దొరికిన వస్తువులు గోనె సంచుల్లో అక్కడికి వచ్చేవి. సంచి విప్పి, ఎవరివి వాళ్ళకు వేరు చేసి, ఒక్కొక్కటే కాగితం మీద రాయాలి. దువ్వెన ఒకటి, రెండు పళ్ళు విరిగినది. తాళంచెవులు మూడు. ఉత్తరం ఒకటి, సగం రాసినది. సబ్బు ముక్క. రాశాక గుడ్డలో చుట్టి, చుట్టూ కుట్టి, కుట్టు మీద లక్క ముద్ర వేయాలి. ఏ పక్షానికీ చెందని మధ్యవర్తుల సంఘం ఒకటి ఆ మూటలు తీసుకుపోయి, అవతల ఇల్లు వెతికి, ఇంటివాళ్ళ చేతిలో పెట్టేది.

ఆవిడ ఆ గదిలోకి సరదాగా రాలేదు. అంతకుముందు ఒక దర్జీ కొట్టులో చొక్కాలకు కాలర్లు కుట్టేది. భర్త బస్సు డిపోలో మెకానిక్. యుద్ధం మొదలవగానే సైన్యం లారీలు బాగుచేయడానికి అతన్ని తీసుకుపోయారు. "లారీ కింద పడుకునేవాడికి ఏమవుతుందమ్మా, తుపాకీ పట్టేవాడికి గానీ," అని వీధివీధంతా ధైర్యం చెప్పింది. నాలుగో నెలలో వంతెన అవతల లారీల వరస ఒకటి చిక్కుపడింది. కాలిపోయిన లారీలు దొరికాయి. పదకొండు మంది దొరకలేదు. ఇంటికి వచ్చిన ఉత్తరంలో "ఆచూకీ తెలియుట లేదు" అని ఉంది. చనిపోయినట్టు కాదు, పట్టుబడినట్టూ కాదు. ఏడవడానికి వీల్లేదు, నవ్వడానికి అసలే వీల్లేదు. ఆచూకీ తెలియనివాళ్ళ ఇంటికి ఒక ఉద్యోగం ఇవ్వాలన్న నియమం ఉండబట్టి, సూది పట్టే చెయ్యి కాబట్టి, ఆవిడను మూటల గదిలో వేశారు.

మొదటిరోజు పని నేర్పింది పెద్ద గుమాస్తా. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఎప్పుడూ చల్లారిపోయిన టీ, ఎవరికీ భయపడని నోరు, అందరికీ భయపడే మనసు. ఆయన బల్ల చూపించి అన్నాడు, "చూడమ్మాయ్, మనవాళ్ళు అవతల పోతే వాళ్ళ వస్తువులు సర్దడానికి అక్కడా ఇలాంటి గది ఉంటుంది. చట్టం ఇద్దరికీ ఒకటే. నీలాగే ఎవరో ఒకావిడ కూర్చుని కుడుతూ ఉంటుంది. నువ్విక్కడ ఎంత శ్రద్ధగా చేస్తే అక్కడ ఆవిడ అంత శ్రద్ధగా చేస్తుంది."

ఆ మాట ఆయన ఓదార్పుకే అన్నాడో, నమ్మే అన్నాడో. ఆవిడ మాత్రం దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఆ రోజు నుంచి అవతలి గదిలో ఆవిడ ఒకర్తె తయారైంది. బల్ల ఉంది, సూది ఉంది, గోడను చూపించే కిటికీ కూడా ఉంది. మూటలమ్మ కుడుతూ కుడుతూ ఆవిడతో మాట్లాడేది. "ఏమ్మా, ఇవాళ ఎన్ని? నాకు తొమ్మిది. ఈ దారం చూశావా, పట్టుకుంటే తెగిపోతోంది. మీకన్నా మంచిది ఇస్తున్నారా?" ఒక్కోసారి పోట్లాడేది కూడా. "మావాడి మూట ఎక్కడ పెట్టావే తల్లీ? బల్ల కింద గానీ పడిపోయిందేమో, ఒకసారి వంగి చూడు." పక్కగదివాళ్ళు ఆవిడకు మతి చలించిందనుకున్నారు. నన్నడిగితే చలించలేదు. ఇంట్లో అత్తగారు తప్ప మాట్లాడే మనిషి లేదు, వీధిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారు. మనిషన్నాక ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా.

వీధి ఎందుకు మానేసిందంటే, శత్రువుల చొక్కాలు మడతపెట్టే ఉద్యోగం ఎవరికి నచ్చుతుంది? ఎదురింటావిడ కొడుకు అదే యుద్ధంలో పోయాడు. ఆవిడ ఒకరోజు పచారీ కొట్టు దగ్గర అందరూ వింటుండగా, "నా పిల్లాణ్ణి చంపినవాడి జేబురుమాలు మడత పెట్టి వస్తున్నావా?" అని అడిగింది. మూటలమ్మ నిజంగానే అంతకు గంట క్రితం ఒక జేబురుమాలు మడత పెట్టింది. అప్పటి నుంచి ఆవిడ వెళ్ళేసరికి కొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి. సరుకులు తీసుకుని తలవంచుకుని వచ్చేసేది.

అత్తగారు వేరే రకం. మొదటి ఏడాది కోడలు గుమ్మంలోకి రాగానే "వచ్చాడా?" అని అడిగేది. రెండో ఏడాది నుంచి "ఏమైనా వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ మార్పు ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే అన్నం తిన్నారు.

ఆ ఉద్యోగంలో ఆవిడ చేసిన పెద్ద తప్పు చేరిన రెండో నెలలోనే జరిగింది. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడి చొక్కా వచ్చింది. ముందంతా బురద, పక్కనంతా ఎండిన రక్తం. ఇది చూస్తే తల్లి బతుకుతుందా అనుకుంది మూటలమ్మ. ఇంటికి తీసుకెళ్ళి, నానబెట్టి, మూడుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, దర్జీ కొట్టులో కొత్త చొక్కాకు వేసినట్టు మడత వేసి మూట కట్టింది. అంత మంచిపని ఈ మధ్య చేయలేదనుకుంది కూడా. ఆరు నెలల తర్వాత మధ్యవర్తుల ద్వారా ఆ తల్లి రాసిన చీటీ వచ్చింది. "ఏ తల్లి ఉతికిందో తెలియదు. మంచి మనసుతోనే ఉతికి ఉంటుంది. కానీ అందులో నా బిడ్డ వాసన ఉండేది. ఇప్పుడు సబ్బు వాసన వస్తోంది. ఆవిడకు దణ్ణం పెట్టాలో, శాపం పెట్టాలో నాకు తెలియడం లేదు."

మూటలమ్మ ఆ చీటీ చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెద్ద గుమాస్తా వచ్చి చదివాడు. గోడకు వేలాడే ఆఫీసు నియమాల అట్ట తీసి, అడుగున ఒక వాక్యం రాశాడు: "వస్తువులు ఉతకరాదు, ఉన్నవి ఉన్నట్టే పంపవలెను." రాసి, తన టీ ఆవిడ ముందు పెట్టి బల్ల అంచున కూర్చున్నాడు.

"ఏ నియమమైనా అంతేనమ్మాయ్. కింద తవ్వి చూస్తే ఎవరో ఒకరి ఏడుపు ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, యుద్ధ చట్టాల చరిత్ర మొత్తం అదే. కాకపోతే ఆ ఆకులు తర్వాతవాడి చేతులకు పనికొస్తాయి."

"ఇవన్నీ ఎవరు రాశారు బాబాయిగారూ?"

"ఒకరు రాయలేదు. ముత్తాతల కాలంలో ఏముండేదనుకున్నావు? చచ్చినవాడి ఉంగరం చంపినవాడిది. వాడి జీతమే అది. రాజు తిండి పెట్టడు, దోచుకు తినమంటాడు. జీతమివ్వనివాడు దోచుకోవద్దని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? నెలనెలా జీతాలివ్వడం మొదలెట్టాక గానీ అది తప్పని ఎవరికీ తోచలేదు."

"మరి పాత కథల్లో పొద్దుగూకితే యుద్ధం ఆపేవాళ్ళనీ, ఆయుధం పడేసినవాణ్ణి కొట్టేవాళ్ళు కాదనీ చెబుతారుగా?"

"చెబుతారు. ఎవరు ఎవర్ని? గుర్రమెక్కినవాడు గుర్రమెక్కినవాణ్ణి. వాళ్ళూ వాళ్ళూ బావాబావమరుదులు, రేపు పిల్లనిచ్చి పుచ్చుకోవాలాయె. కాలినడకన వచ్చినవాడికి ఏ ధర్మమూ లేదు, గడ్డి కోసినట్టు కోసేవాళ్ళు. ఆ కాలినడకవాడికి ఓటొచ్చింది, పేపర్లో పేరు పడింది, అప్పుడు తెలిసింది చట్టానికి వాడూ మనిషేనని. తర్వాత బళ్ళొచ్చాయి, చదువొచ్చింది. చదువొచ్చాక జేబులోకి ఉత్తరం వచ్చింది. ఉత్తరం ఉన్నాక దాని మీద చిరునామా ఉంటుందా లేదా? చిరునామా చూశాక పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అలా పుట్టిందమ్మా నీ గది."

ఆయన బీరువాలో నియమాల పుస్తకాలు వరసగా ఉండేవి. మొదటిది పదకొండు పేజీలు. జెండా, గుర్రం రాజుగారివి, మిగతావి గెలిచినవాడివి అంటుంది. రెండోది దానికి నాలుగింతలు. మృతుల వస్తువులు తిరిగి ఇవ్వాలి, అవతలివాళ్ళూ ఇస్తూ ఉంటే, అంటుంది. మూడోది యుద్ధానికి ముందు సంవత్సరమే మన ప్రభుత్వం ఒప్పుకుని సంతకం పెట్టింది గానీ, ఆ కట్ట ఇంకా ఎవరూ విప్పలేదు. ఆఫీసు అంతా రెండో పుస్తకంతోనే నడిచేది.

ఆ రెండో పుస్తకమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. యుద్ధం రెండో ఏడాదిలో కొత్త ఆఫీసరు వచ్చాడు. అతను చెడ్డవాడైతే కథ తేలిగ్గా ఉండేది. చెడ్డవాడు కాదు, అదే చిక్కు. మాట నెమ్మది, ఎవర్నీ ఏకవచనంతో పిలిచేవాడు కాదు. అతని తమ్ముడు కూడా ఆ వంతెన దగ్గరే కనబడకుండా పోయాడు. వచ్చిన వారానికే లెక్క చూశాడు. మనం పంపినవి నూట డెబ్భై మూటలు. అవతలి నుంచి వచ్చినవి సున్న. "వాళ్ళు ఇచ్చేదాకా మనమూ ఇవ్వం," అన్నాడు. ఆ రోజు నుంచి కుట్టిన మూటలు కుట్టినట్టే వెనక గదిలో చేరాయి. ఏడాది తిరిగేసరికి మూడొందల నలభై అయ్యాయి. తలుపు తీస్తే లక్క వాసనతో పాటు ఇంకేదో వాసన వచ్చేది, ముసురు రోజుల్లో తడి బట్టల వాసన.

మధ్యవర్తుల సంఘం ఉత్తరం మీద ఉత్తరం రాసింది. మూటలు ఏమయ్యాయి? ఎన్ని ఉన్నాయి? చివరికి ఆఫీసరు జవాబు తయారుచేశాడు. "సదరు వస్తువులు వర్షపు నీటికి పాడైపోయినందున పంపుటకు వీలుపడదు." కింద రెండు సంతకాల చోటు. ఒకటి అతనిది, ఒకటి మూటల గది బాధ్యురాలిది. ఆవిడను పిలిచి కూర్చోమన్నాడు.

"ఇది అబద్ధమని నాకూ తెలుసండీ. కానీ మన చేతిలో ఉన్న పట్టు ఇదొక్కటే. ఇవి పోయాయని వాళ్ళకు కడుపు మండితే బేరానికి వస్తారు. అప్పుడు ఉన్నాయని చెబుదాం, మనవి అడుగుదాం. మీ ఆయన కోసమే చేస్తున్నాననుకోండి."

"ఒక్కరోజు ఆగండి సార్," అంది మూటలమ్మ.

ఆ సాయంత్రం అత్తగారికి చెప్పింది. ముసలావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెట్టెయ్యి సంతకం. ఎవరి కొడుకులో నాకెందుకే? నా కొడుకుది వచ్చాక వాళ్ళవి ఇవ్వు. నీకు చేతులు రాకపోతే కాగితం నాకివ్వు, వేలిముద్ర నేను వేస్తాను." ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? తల్లి తల్లిలాగే మాట్లాడింది. మూటలమ్మకు కూడా లోపల అదే కావాలి. మూడో గదిలో రెండేళ్ళుగా వందల మంది జేబులు తడిమింది ఎందుకు, ఎక్కడో ఎవరో ఒక్కడి జేబు అలాగే తడుముతారనే కదా. ఆ ఒక్కటీ వస్తుందంటే మూడొందల నలభై గుమ్మాలు ఇంకొన్నాళ్ళు ఎదురుచూస్తే ఏం పోయింది?

మర్నాడు పొద్దున్నే పెద్ద గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. "నన్నడగకమ్మాయ్," అన్నాడాయన, నీళ్ళు నములుతూ. "నాకింక ఏడు నెలల సర్వీసుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది." అని, బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టి, టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. అప్పుడే తాగిన గ్లాసు అక్కడే ఉంది.

ఆవిడ మూడో పుస్తకం కట్ట విప్పింది. పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, తన కత్తెరతోనే కోసింది. మృతుల వస్తువుల సంగతి నూట పన్నెండో పేజీలో దొరికింది. రెండో పుస్తకంలో "అవతలి పక్షమువారును ఇచ్చుచున్న యెడల" అని ఉన్నచోట ఇందులో "అవతలి పక్షమువారు ఈ నియమమును పాటించినను, పాటించకున్నను" అని ఉంది. ఎవరి ఏడుపు మీద ఆ మార్పు వచ్చిందో పుస్తకంలో లేదు. ఆవిడ ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ధైర్యం రాలేదు, భయం వేసింది. ఎందుకంటే ఇది చూపిస్తే మూటలు వెళ్ళిపోతాయి. వెళ్ళిపోతే ఆఫీసరు అన్న పట్టు పోతుంది. తన మొగుడి మూటకు తాడు తనే కోసినట్టవుతుంది.

కోసింది. ఎందుకు కోసిందంటే చట్టం మీద గౌరవం కాదు. అవతలి గదిలో ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ బల్ల మీద కూడా ఇలాంటి అబద్ధపు కాగితమే ఉండి ఉంటుంది, ఎవరో మెత్తగా మాట్లాడే ఆఫీసరు సంతకం పెట్టమంటూ ఉంటాడు, ఆవిడ పెట్టకుండా కూర్చుని ఉంటుంది అనుకుంది. తను పెట్టేస్తే ఆవిడ మొహం ఎలా చూడడం? అబద్ధపు కాగితం పక్కన పెట్టి, మూడొందల నలభై మూటల జాబితా నంబరుతో సహా మళ్ళీ రాసి, ప్రతి పేజీకీ సంతకం పెట్టి, మూడో పుస్తకంతో పాటు ఆఫీసరు ముందు పెట్టింది.

అతను చదివాడు.

"మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళండీ," అన్నాడు, తల ఎత్తకుండానే.

"తెలుసు సార్."

"తెలిసి ఎలా తెచ్చారు ఇది?"

ఆవిడ జాబితా పేజీలు వరసగా సర్ది అతని వైపు జరిపింది. అతను కాగితాలు పైకి పంపాడు. సంతకం పెట్టిన చట్టం కాబట్టి పైవాళ్ళు గొడవెందుకులే అనుకున్నారు. నెల తిరక్కుండా రెండు లారీల్లో మూటలు వెళ్ళిపోయాయి. ఆఫీసరు ఆవిడను ఏమీ చేయలేదు. బదిలీ అయ్యేదాకా ఆవిడతో ఫైలు మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు, అంతే. అత్తగారు పందొమ్మిది రోజులు అసలే మాట్లాడలేదు. తర్వాత "ఉప్పు అందుకో" లాంటి మాటలు మాట్లాడింది. సాయంత్రం గుమ్మంలో అడిగే ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. అయిదో ఏడాదిలో పోయింది, పోయేముందు కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని మూటలమ్మకు చాలా ఏళ్ళు అనిపించింది.

పెద్ద గుమాస్తా పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు. యుద్ధం అయిపోయింది. పట్టుబడినవాళ్ళు రైల్లో తిరిగొస్తే మూటలమ్మ మూడు రోజులు స్టేషన్లో నిలబడి వచ్చింది. నాలుగేళ్ళకు ఇంకో చిన్న యుద్ధం వచ్చింది, మళ్ళీ సంచులు వచ్చాయి, మళ్ళీ మూటలు వెళ్ళాయి. అవతలి నుంచి ఒక్కటీ రాలేదు. ఆవిడ ఒంటికాయ సొంటికొమ్ములా మిగిలింది. పొద్దున్నే ఒక గ్లాసు టీ, మధ్యాహ్నం డబ్బాలో అన్నం, సాయంత్రం తాళం తీసి చీకటి గదిలో దీపం వేసుకోవడం. మాట్లాడే తోడు ఒక్కర్తే, సరిహద్దు అవతల. ఇద్దరికీ కలిసే వయసు మీదపడింది. "నాకు సూదిలో దారం ఎక్కడం లేదే, నీకు కనిపిస్తోందా?" అని అడిగేది.

పద్నాలుగో ఏడాది, రెండు ప్రభుత్వాలూ కొత్త ఒప్పందం చేసుకున్నాయి. మూటల పని ఎలా చేస్తారో చూసి నేర్చుకోవడానికి అవతలి నుంచి ఒకావిడ వస్తోందని కబురు వచ్చింది. మూటలమ్మకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. బల్ల కడిగింది, కిటికీ తుడిచింది. రెండో కుర్చీ ఆ గదిలో ఎప్పుడూ లేదు, పై అంతస్తు నుంచి స్వయంగా మోసుకొచ్చింది. నేర్చుకోవడానికి అన్నారు గానీ, పద్నాలుగేళ్ళు అదే పని చేసిన మనిషి నేర్చుకోవడానికి ఏముంటుంది, చూడాలని వస్తోంది, అంతే, అనుకుంది.

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. వెడల్పు మొహం, సుద్దముక్క పట్టి పట్టి అరిగినట్టున్న వేళ్ళు. లెక్కల పంతులమ్మగా చేసిందట. సరిహద్దుకు ఇటూ అటూ భాష ఒకటే, పలకడంలో కాస్త తేడా. మూటలమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"అక్కడి గదిలో మొదటి నుంచీ మీరేనా?" అని అడిగింది.

"ఏ గది అక్కా?"

"మూటల గది. మావాళ్ళ వస్తువులు సర్దే గది."

పంతులమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక ఆవిడ మొహం మారిపోయింది. "మాకు గది లేదక్కా. సంతకం ఎప్పుడో పెట్టారట గానీ గది పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నారు. అందుకే నేర్చుకుని రమ్మని నన్ను పంపారు."

"మరి మీ ముందు ఎవరు చేసేవారు?"

"ఎవరూ చేసేవారు కాదు."

మూటలమ్మ లేచి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఖాళీ అరల మధ్య నిలబడితే కోపం ముంచుకొచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఓదార్చిన పెద్ద గుమాస్తా మీదా? గది పెట్టని అవతలివాళ్ళ మీదా? పద్నాలుగేళ్ళు గోడతో మాట్లాడిన తన మీదా? మొగుడు ఎప్పుడో పోయాడని లోపల తెలుసు. దానికి కొంచెం కొంచెంగా ఏడ్చేసింది. ఇవాళ చచ్చిపోయింది ఆవిడ, అవతలి గదిలో ఆవిడ. ఆ మనిషి కోసం బయటికి ఏడ్చే వీలు కూడా లేదు. అత్తగారితో మాట్లాడకుండా గడిపిన భోజనాలన్నీ గుర్తొచ్చాయి. గోడకు నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటికి వచ్చేసరికి పంతులమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది.

"మా తమ్ముడి మూట ఇక్కడి నుంచే వచ్చిందక్కా," అంది మెల్లగా. "లారీల్లో వచ్చినవాటిలో. మా అమ్మ రెండు రోజులు దాన్ని విప్పలేదు. కుట్టు మీద వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుంది. 'ఎవరో తీరిగ్గా కూర్చుని కుట్టారే' అంది. మనం వాళ్ళవి ఏం చేశామని నన్నడిగింది. నేను కనుక్కున్నాను. ఏమీ చేయలేదని తెలిసింది. అప్పటి నుంచీ ఆఫీసుల చుట్టూ తిరిగాను. గది పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది."

మూటలమ్మ మొహం తుడుచుకుంది. "వంతెన దగ్గరవాళ్ళని ఏం చేశారో తెలుసా?"

"దొరికినచోటే ఒకే గోతిలో పూడ్చారట. ఎవరేమిటో ఎవరూ రాయలేదు. పై పైన ఉన్నవి తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు." ఆవిడ ఏదీ దాచలేదు. "ఇప్పుడు తవ్వుతారు. కొత్త ఒప్పందంలో అదీ ఉంది. తవ్వినప్పుడు దొరికినదాన్ని బట్టి ఎవరో పోల్చాలి. దానికి ఇంటివాళ్ళు చెప్పే గుర్తులే ఆధారం. మా గదిలో మొదటి కాగితం మీ ఆయనదే రాస్తాను, చెప్పండి."

సంచిలోంచి అచ్చు కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. ఎత్తు ఎంత అని అడిగింది. మూటలమ్మ తలుపు వైపు చూసి, ఆ గడియ కన్నా బెత్తెడు పైకి అంది. పళ్ళు? పైవరసలో ఒకటి ఊడింది, ఎడమవైపు. ఎముకలు ఎప్పుడైనా విరిగాయా? కుడి మణికట్టు, డిపోలో జాకీ జారి. అన్నీ టకటకా చెప్పింది. పంతులమ్మ గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోయింది.

"జేబుల్లో ఏమేమి ఉండేవి? గుడ్డ మిగలదు గానీ ఇనుమూ ఇత్తడీ మిగులుతాయి. గోతిలో మనిషిని గుర్తుపట్టేది ముఖ్యంగా వాటితోనే అక్కా."

మూటలమ్మ నోరు తెరిచింది. ఆ గదిలో ఆవిడ రాసిన జేబుల లెక్క వెయ్యికి పైనే. ఎవరి జేబులో తాళాలున్నాయో, ఎవరిలో గుండీలున్నాయో ఇప్పటికీ చెప్పగలదు. అతను వెళ్ళిన రోజు కళ్ళముందుకు తెచ్చుకుంది. గుమ్మం, చెప్పులు, అతను వెనక్కి తిరిగి చూడడం, అన్నీ వచ్చాయి. జేబులు రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు.

"ఆలోచించండక్కా, తొందరేం లేదు," అంది పంతులమ్మ, కలం ఆ గడి మీదే ఆపి.

"ఎంత ఆలోచించినా లేదమ్మా," అంది మూటలమ్మ. "మనిషి ఎదురుగా ఉన్నప్పుడు జేబులెవరు చూస్తారు?"